డర్బన్ తెలుగువాళ్ల మీద పీహెచ్‌డీ: రేస్, చోటు, గుర్తింపులను పరిశోధించే పద్ధతి

దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఒక తెలుగు కుటుంబానికి చెందిన నాలుగు తరాల కాగితాలు దొరికాయనుకోండి. ఒప్పంద కూలీగా వచ్చిన మొదటి తరం మనిషిది, కూలీల ఓడ జాబితాలో ఒక వరుస. జిల్లా విశాఖపట్నం, ఎక్కిన రేవు మద్రాసు, కులం గడిలో గుమాస్తా చెవికి వినిపించిన ఏదో మాట. రెండో తరం నాటికి వాళ్లు పక్కింటివాళ్ల నోట "మద్రాసీలు". మూడో తరం మనిషి గుర్తింపు పత్రంలో, వర్ణవివక్ష ప్రభుత్వం చేసిన చట్టం ప్రకారం, "ఇండియన్". నాలుగో తరం అమ్మాయి ఉద్యోగ దరఖాస్తులో "ఇండియన్ లేదా ఏషియన్" అన్న గడికి ఎదురుగా టిక్కు. నూకాలమ్మ పూజ జరిగే రోజున మాత్రం ఆ ఇంట్లో అందరూ తెలుగువాళ్లు.

కుటుంబం ఒక్కటే, పేరు పెట్టిన చెయ్యి మాత్రం ప్రతిసారీ వేరు. అందుకే ఈ అంశం మీద పనికి దిగేవాళ్లు మొదటి రోజే ఒక నియమం పెట్టుకోవాలి. గుర్తింపును తెలిపే మాట కాగితంలో కనబడినా, నోట వినబడినా, దాని పక్కన నాలుగు సంగతులు రాయాలి: ఎవరు అన్నారు, ఎవరిని అన్నారు, ఏ చోట అన్నారు, ఏ పని కోసం అన్నారు. మూడేళ్ల తర్వాత సిద్ధాంత గ్రంథం నిలబడేదీ కూలేదీ ఈ నాలుగు గడుల మీదే. వీటిని వదిలేసి "డర్బన్‌లో తెలుగువాళ్లు ఇలా ఉంటారు" అని రాయడం మొదలుపెడితే, పాత ప్రభుత్వం గీసిన గీతనే మళ్లీ మీ చేత్తో దిద్దినట్టవుతుంది.

ముందు "జాతి" సంగతి తేల్చండి

రేస్ అన్న మాటకు నిఘంటువులో జాతి అని ఉంటుంది. కాని మనం తెలుగు జాతి అంటాం, భారత జాతి అంటాం, పక్షి జాతి అంటాం, కోపమొస్తే "జాతి బుద్ధి" అని కులాన్ని ఉద్దేశించి కూడా అంటాం. ఒకే మాటలో దేశం, భాష, కులం, ప్రాణివర్గం అన్నీ ఉన్నాయి. ఇంటర్వ్యూలో "మీ జాతి ఏమిటి?" అని అడిగితే, వచ్చిన జవాబు ఏ అర్థానికి వచ్చిందో తర్వాత ఎవరూ తేల్చలేరు.

పని జరిగే ఏర్పాటు ఇది. రంగు, రూపం, పుట్టుకను బట్టి మనుషుల్ని పైకీ కిందికీ పేర్చే వ్యవస్థను "రేస్" అనే రాయండి. భాష, ప్రాంతం ఆధారంగా ఏర్పడిన గుంపును "భాషా సమూహం" అనండి. కులాన్ని కులమనే రాయండి. "జాతి"ని ఎదుటి మనిషి వాడినప్పుడు మాత్రమే, ఉటంకింపు గుర్తుల మధ్య ఉంచండి. మొదటి అధ్యాయంలో ఈ నాలుగింటికీ తలా రెండు పేరాలు కేటాయించండి. వైవాలో మొదటి ప్రశ్న చాలాసార్లు ఇక్కడి నుంచే వస్తుంది.

డర్బన్ వైపు నుంచి కూడా ఒక చిక్కు ఉంది. అక్కడ "తమిళ్" అన్నది చాలామందికి భాష పేరే కాదు, దాదాపు మతం పేరు. "మేం తమిళ్, వాళ్లు హిందీ" అన్నప్పుడు ఏ గుడికి వెళతారు, ఏ పండుగ చేస్తారు, పెళ్లి ఏ పద్ధతిలో జరుగుతుంది అన్నది చెబుతున్నారు. తమిళం ఒక్క ముక్క రానివాళ్లూ అలాగే అంటారు. "తెలుగు" కూడా ఇదే దారిలో నడిచింది. కాబట్టి "తెలుగు మాట్లాడతారా?" అన్న ప్రశ్నకూ "తెలుగువాళ్లా?" అన్న ప్రశ్నకూ వేర్వేరు గడులు పెట్టండి.

ప్రశ్నను ఎంత కుదించాలి

"దక్షిణాఫ్రికా తెలుగువాళ్ల గుర్తింపు నిర్మాణం" అన్నది సినాప్సిస్‌కు పెట్టుకునే పేరు మాత్రమే, పరిశోధన ప్రశ్న కాదు. ప్రశ్నలో కాలం, చోటు, మనుషులు, ఆధారం నాలుగూ కనబడాలి. ఉదాహరణకు: "1958 తర్వాత కేటో మేనర్ నుంచి చాట్స్‌వర్త్‌కు తరలించిన కుటుంబాల్లో, తెలుగు అన్న గుర్తింపు ఏ పనులకు నిలిచింది, ఏ పనులకు ఇండియన్ అన్నదానిలో కలిసిపోయింది?" (కేటో మేనర్, చాట్స్‌వర్త్ రెండూ డర్బన్‌లోని పేటలు.) ఇందులో "ఏ పనులకు" అన్నదే ప్రాణం. పెళ్లి సంబంధానికి, గుడి కమిటీకి, ఓటుకు, పొరుగింటి గొడవకు, ఉద్యోగానికి మనిషి ఒకే పేరుతో నిలబడడు. పనుల జాబితా ముందే రాసుకుంటే ప్రశ్నావళి సగం తయారైనట్టే.

మారిషస్, ఫిజీ, మలేషియా, బర్మాలతో పోలిక పెట్టాలని చాలామందికి ఉంటుంది. పీహెచ్‌డీలో వద్దు. మారిషస్‌లో చక్కెర తోటలు ఉన్నాయి కాని, ఇళ్లను రేస్ వారీగా విడదీసిన గ్రూప్ ఏరియాస్ చట్టం లేదు. చోటు మారితే ప్రశ్నే మారిపోతుంది. ఆ పోలికను తర్వాతి వ్యాసానికి దాచుకోండి.

తేదీలు: ఇవి నోటికి రావాలి

నటాల్‌కు, అంటే డర్బన్ ఉన్న అప్పటి బ్రిటిష్ వలస రాజ్యానికి, మొదటి ఓడ ట్రురో మద్రాసు నుంచి 1860 నవంబరు 16న చేరింది. పది రోజులకు కలకత్తా నుంచి బెల్వెడేర్ వచ్చింది. 1911 వరకు మొత్తం 1,52,184 మంది ఒప్పంద కూలీలు వచ్చారు, వాళ్లలో మూడింట రెండు వంతుల దాకా మద్రాసు రేవు నుంచి. మధ్యలో 1866 నుంచి 1874 దాకా రాక ఆగింది. తెలుగు జిల్లాల సంగతి చూసేవాళ్లు 1874 తర్వాతి భాగం మీదే ఎక్కువ సమయం పెట్టాలి. 1895లో ఒప్పందం ముగిసినవాళ్ల మీద మూడు పౌండ్ల పన్ను వేశారు. 1913లో భారతీయ కూలీల సమ్మె తర్వాత, 1914 ఇండియన్ రిలీఫ్ చట్టంతో అది పోయింది.

ఇక్కడ చాలామంది దాటేసే సంగతి ఒకటుంది. 1903లో మొదలైన ఇండియన్ ఒపీనియన్ పత్రిక ఇంగ్లిష్, గుజరాతీ, హిందీ, తమిళాల్లో వచ్చింది. తెలుగు లేదు. అంటే ప్రజా జీవితంలో "ఇండియన్" అన్న గొంతు రూపుదిద్దుకుంటున్న రోజుల్లోనే తెలుగు దానికి బయట ఉంది. 1931లో దక్షిణాఫ్రికా తెలుగువాళ్ల ఆంధ్ర మహాసభ ఏర్పడిందంటే, కూలీలు రావడం ఆగిన ఇరవై ఏళ్లకు. ఆ ఇరవై ఏళ్లలో "మద్రాసీ" నుంచి "ఆంధ్ర" ఎలా విడివడింది? తెలుగు జిల్లాల్లో అప్పటికే నడుస్తున్న ఆంధ్రోద్యమానికీ దీనికీ దారి ఎక్కడ కలిసింది? ఒక అధ్యాయానికి సరిపడా పని ఇందులోనే ఉంది.

తర్వాతి వరుస చట్టాలది. భారతీయుల భూమి కొనుగోళ్ల మీద 1943లో, 1946లో ఆంక్షలు. 1949 జనవరిలో ఆఫ్రికన్లకూ భారతీయులకూ మధ్య డర్బన్ అల్లర్లు, అధికారిక లెక్కలో 142 మంది మృతి, వాళ్లలో ఎక్కువమంది ఆఫ్రికన్లు. 1950లో రెండు చట్టాలు: మనిషికి రేస్ ముద్ర వేసిన జనాభా నమోదు చట్టం, ఆ ముద్రను బట్టి ఇల్లు ఎక్కడో నిర్ణయించిన గ్రూప్ ఏరియాస్ చట్టం. 1958లో కేటో మేనర్‌ను తెల్లవాళ్ల ప్రాంతంగా ప్రకటించారు. 1964 నుంచి చాట్స్‌వర్త్‌లోకి, 1976 నుంచి భారతీయులకు కేటాయించిన మరో పేట ఫీనిక్స్‌లోకి కుటుంబాలు చేరాయి. భారతీయులకు విడిగా విశ్వవిద్యాలయ కళాశాల 1961లో సాలిస్‌బరీ దీవిలో తెరిచారు. 1950 నాటి ఆ రెండు చట్టాలూ 1991లో రద్దయ్యాయి. 1996 రాజ్యాంగం ఆరో సెక్షన్‌లో, గౌరవించి ప్రోత్సహించాల్సిన భాషల్లో తెలుగు పేరు ఉంది. అదే 1996 నుంచి జనగణనలో తెలుగు విడి గడిగా లేదు, "ఇతర" భాషల్లో కలిసిపోయింది. రాజ్యాంగంలో పేరు ఉండి, లెక్కలో లేకపోవడం ఏమిటో వివరించకుండా సిద్ధాంత గ్రంథం ముగించకండి.

ఓడ జాబితాలతో పని

ఈ జాబితాలే మీ మొదటి ఆధారం, మొదటి ఉచ్చు కూడా. కంప్యూటర్‌లోకి ఎక్కించిన రూపంలో ఇవి క్వాజులు-నటాల్ విశ్వవిద్యాలయం వెస్ట్‌విల్ ప్రాంగణంలోని గాంధీ-లుతులి డాక్యుమెంటేషన్ సెంటర్ ద్వారా దొరుకుతాయి. భారతీయ వలస శాఖ ఫైళ్లు దక్షిణాఫ్రికా జాతీయ ఆర్కైవ్స్ సూచికలో ఉంటాయి. పీటర్‌మారిట్జ్‌బర్గ్ డిపో కోడ్ ఎన్ఏబీ, డర్బన్‌ది టీబీడీ, వలస శాఖ కోడ్ ఐఐ. ఈ కోడ్‌లతో వెతికితే గంటల పని నిమిషాల్లో అవుతుంది. ఇవతలి వైపు కాగితాలకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. ఓడలు కదిలింది మద్రాసు నుంచి కాబట్టి, వలస ఏజెంట్ల ఉత్తరప్రత్యుత్తరాలు ప్రెసిడెన్సీ రికార్డుల్లోనే వెతకాలి.

జాబితాలో ప్రతి మనిషికీ ఒక కలోనియల్ నంబరు ఉంటుంది. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు, యజమాని ఆ తర్వాత. నంబరే తాళంచెవి. పేర్లు అక్షరం అక్షరం మారిపోతాయి, నంబరు మారదు. ఒకే మనిషి వేరే ఫైల్‌లో, ఫిర్యాదులో, పిల్లల పుట్టుక నమోదులో కనబడితే కలపాల్సింది నంబరుతోనే.

స్ప్రెడ్‌షీట్ ఇలా కట్టండి. కాగితంలో ఉన్న స్పెల్లింగ్‌కు ఒక నిలువు వరుస. దాన్ని ఎన్నడూ దిద్దకూడదు. మీరు గుర్తించిన తెలుగు రూపానికి రెండో వరుస. ఎంత నమ్మకంతో గుర్తించారో 1 నుంచి 3 వరకు మార్కు వేసే మూడో వరుస. ఎందుకు అలా అనుకున్నారో ఒక వాక్యం రాసే నాలుగో వరుస. మొదటి వరుసనే "సరిదిద్ది" వదిలేయడమే అందరూ చేసే పొరపాటు. ఆర్నెల్ల తర్వాత ఊరు పేరు తప్పు పట్టామని తెలిస్తే వెనక్కి వెళ్లడానికి దారే ఉండదు.

మొత్తం జాబితా జోలికి పోకండి. ఒక రెండు సీజన్ల ఓడలు తీసుకుని, 500 నుంచి 700 వరుసలు శుభ్రంగా చేస్తే చాలు. అసలు రిజిస్టర్ చేతిరాత నుంచి ఎక్కించుకుంటే రోజుకు 60 వరుసలు దాటవు. అంతకంటే వేగంగా అవుతున్నాయంటే చదవడం మానేసి ఊహిస్తున్నారన్నమాట.

ఇప్పుడు అసలు చిక్కు: జాబితాలో భాష గడి లేదు. ఎవరు తెలుగువాళ్లో మీరే తేల్చాలి. మూడు దారులున్నాయి, మూడూ కుంటివే.

జిల్లా మొదటిది. పాత సరిహద్దులు గుర్తుంచుకోకపోతే ఇక్కడే తప్పటడుగు పడుతుంది. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకుముందు ఆ తాలూకాల్లో చాలావరకు ఉత్తర ఆర్కాటులో ఉన్నాయి. కాబట్టి "ఉత్తర ఆర్కాటు" అని ఉన్నంత మాత్రాన తమిళులని రాసేయకూడదు, తాలూకా చూడాలి. శ్రీకాకుళం అప్పుడు చికాకోల్, ఉన్నది గంజాం జిల్లాలో. గంజాం అనగానే ఒడియా అనుకుంటే వందల మంది తెలుగువాళ్లు జాబితా నుంచి జారిపోతారు.

పేరు రెండోది. అప్పన్న, అప్పలస్వామి, అప్పలమ్మ, సింహాచలం, సన్యాసి, పైడితల్లి, నూకమ్మ. ఈ పేర్లు కనబడితే ఉత్తరాంధ్రకు వెళ్లినవాళ్లెవరికైనా సింహాద్రి, అనకాపల్లి, విజయనగరం గుర్తుకొస్తాయి. వీటికి ఎక్కువ మార్కు వేయొచ్చు. రామస్వామి, మునుస్వామి, లక్ష్మి లాంటివి రెండు వైపులా ఉంటాయి, వాటితో ఏమీ తేలదు. డర్బన్‌లో ఇప్పుడున్న ఇంటిపేర్ల మీద ఇంకా తక్కువ నమ్మకం పెట్టుకోండి. మన ఇంటిపేర్లు ఓడ ఎక్కేటప్పుడే కాగితంలోకి రాలేదు. తండ్రి పేరో, మనిషి పేరో తర్వాతి తరానికి ఇంటిపేరై కూర్చుంది. అప్పల్సామి అలా ఇంటిపేరైనదే. నాయుడు అన్నది కులమూ కావచ్చు, గౌరవపదమూ కావచ్చు, స్థాయి పెరిగాక తగిలించుకున్నదీ కావచ్చు. సత్యాగ్రహంలో గాంధీ వెంట నిలిచిన, మారిషస్‌లో పుట్టిన తంబి నాయుడిని గాంధీ తమిళుడనే రాశాడు, తెలుగు కూడా కొంత వచ్చని చెప్పాడు. నాయుడు అని ఉన్న ప్రతి ఒక్కరినీ తెలుగు లెక్కలో వేసుకోవాలన్న ఆశ ఎంత బలంగా ఉన్నా, ఆ మార్కు 1 దాటకూడదు.

కులం గడి మూడోది. కాపు, వెలమ, గొల్ల, మాల లాంటివి దారి చూపిస్తాయి. కాని అది గుమాస్తా అడిగి, దుబాసీ చెప్పి, ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో పడ్డ మాట. పని దొరకదేమోనన్న భయంతో మార్చి చెప్పినవాళ్లూ ఉంటారు. దాన్ని ఆ మనిషి కులంగా రాయకండి. "నమోదైన కులం" అని రాయండి. ఒక్క విశేషణంతో వాక్యం నిజాయితీగా మారుతుంది.

ఆడవాళ్ల వరుసలు ప్రత్యేకంగా చూడండి. భారతీయ మత సంప్రదాయంలో జరిగిన పెళ్లిళ్ల చెల్లుబాటు గొడవ 1914 చట్టం దాకా నడిచింది. దానివల్ల భార్య, పిల్లల బంధుత్వాలు కాగితాల్లో తెగిపోయి కనబడతాయి. తండ్రి వైపు నుంచే వంశం అల్లితే సగం కథ పోతుంది. నంబర్లతో తల్లి వైపు కూడా కలపండి.

చోటును పటంలో పెట్టడం

"చోటు" అంటే నేపథ్యం అనుకునేవాళ్లు మొదటి అధ్యాయంలో డర్బన్ వాతావరణం రాసి వదిలేస్తారు. ఈ అంశంలో చోటే పని చేసే యంత్రం. రేస్ అన్నది మనిషి ఒంటి మీద కంటే నది మీద, రైలు పట్టా మీద, ఖాళీగా వదిలిన నేల మీద స్పష్టంగా గీసి ఉంటుంది. చాట్స్‌వర్త్ చూడండి. ఉమ్‌హ్లతుజానా, ఉమ్‌లాజ్ నదుల మధ్య ఇరుక్కున్న కొండల వరుస. ఉమ్‌లాజ్ దాటితే ఆఫ్రికన్లకు కేటాయించిన ఉమ్లాజీ, ఇవతల తెల్లవాళ్ల పేటలు. ఇండియన్ అన్న ముద్ర పడినవాళ్లు రెండింటి మధ్య గోడలా నిలిచారు. ఇది పటం మీద కనబడేంత స్పష్టంగా ఏ ఇంటర్వ్యూలోనూ కనబడదు.

పటాలు గీయడానికి క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. నాలుగు పొరలు వేయండి: పాత సర్వే పటం లేదా విమానం నుంచి తీసిన ఫోటో, గ్రూప్ ఏరియాస్ ప్రకటనల్లోని సరిహద్దు, ఇప్పటి వీధులు, మీరు ఇంటర్వ్యూ చేసినవాళ్ల పాత ఇళ్లూ కొత్త ఇళ్లూ. పాత ఫోటోను కనీసం ఎనిమిది, పది గుర్తుల దగ్గర ఇప్పటి పటానికి కట్టండి. గుళ్లు, వంతెనలు, రైలు స్టేషన్లు మంచి గుర్తులు, రోడ్ల మలుపులు కాదు, అవి మారాయి. మూడు నాలుగు గుర్తులతో సరిపెడితే కొండ ప్రాంతంలో వంద మీటర్ల తేడా సులువుగా వస్తుంది, ఇల్లు నదిలో పడుతుంది. ఇంటర్వ్యూ ఇళ్ల పొరను ప్రచురించే పటంలో ఎప్పుడూ పెట్టకండి. వీధి స్థాయికి, ఇంకా మంచిది యూనిట్ (చాట్స్‌వర్త్‌లోని ఒక్కో విభాగం) స్థాయికి, మసకబార్చండి.

ఊరి పేర్లు రెండు రూపాల్లో సేకరించండి. కేటో మేనర్ ఆఫ్రికన్ల నోట ఉమ్‌ఖుంబానే. భారతీయుల జ్ఞాపకంలో అది తోటలు, గుళ్లు, సొంత భూమి. ఆఫ్రికన్ల జ్ఞాపకంలో అద్దె గుడిసెలు, కూల్చివేతలు, పోలీసులు. రెండూ నిజాలే, ఒకే నేల మీదివి. ఒక్కదాన్నే రాస్తే సగం పటం గీసినట్టు. రేస్ ఎప్పుడూ ఇద్దరి మధ్య ఉండే సంబంధం. తెలుగువాళ్లను మాత్రమే కలిసి రేస్ గురించి రాయడం కుదరదు. జులూ వచ్చిన సహపరిశోధకుడికి గంటల లెక్కన డబ్బు బడ్జెట్‌లో మొదటే పెట్టండి. ఆఫ్రికన్ పొరుగువాళ్లతో కనీసం ఎనిమిది, పది ఇంటర్వ్యూలు ఉండాలి. "అమకుల" అన్న తిట్టు, కూలీ నుంచి పుట్టినది, ఎక్కడ వినబడుతుందో, భారతీయుల నోట ఆఫ్రికన్ల మీద ఏ మాటలు వస్తాయో రెండూ రాయండి. మనవాళ్ల మాటల్ని దాచిపెట్టడం ప్రేమ కాదు.

ఇంటర్వ్యూలు

30 నుంచి 40 మంది, మూడు తరాలు, ఆడా మగా సమంగా, ఒక్కొక్కరితో రెండు విడతలు, విడతకు గంట నుంచి గంటన్నర. రెండు విడతలు ఎందుకంటే, మొదటిరోజు చెప్పేది ఎప్పుడూ కుటుంబం బయటివాళ్లకు చెప్పే కథే. గుడి పెద్దల ద్వారానే మనుషుల్ని వెతికితే గుడికి వెళ్లేవాళ్లే దొరుకుతారు. క్రైస్తవంలోకి మారిన తెలుగు కుటుంబాలు, తమిళ ఇళ్లలోకి కోడళ్లుగా వెళ్లినవాళ్లు, "మాకు ఆ తెలుగు గోల తెలీదు" అనేవాళ్లు మీ జాబితాలో మూడో వంతైనా ఉండాలి. గుర్తింపు ఎక్కడ ఆగిపోయిందో చెప్పగలిగేది వాళ్లే.

అడగకూడని ప్రశ్న: "మీరు తెలుగువాళ్లుగా ఎలా ఫీలవుతారు?" దానికి జవాబు ప్రశ్నలోనే ఉంది. అడగాల్సినవి పనుల గురించి. చిన్నప్పుడు అమ్మమ్మను ఏమని పిలిచేవారు? పెళ్లికి తాళి ఎవరు కట్టించారు, ఏ భాషలో మంత్రం? పక్కింట్లో ఎవరుండేవారు, వాళ్ల ఇంట్లో తినేవారా? ఇల్లు ఖాళీ చేయమని నోటీసు వచ్చిన రోజు ఏం మూటగట్టారు? ఏ దారిలో వెళ్లొద్దని ఇంట్లో చెప్పేవారు? చివరి ప్రశ్న చాలా చిన్నదిగా కనబడుతుంది గాని, రేస్ పటం మొత్తం దాని జవాబులో బయటపడుతుంది.

ఇండియా నుంచి వెళ్లిన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా రెండు మాటలు. మీరు గుమ్మంలో నిలబడగానే ఎదుటివాళ్లు మీకోసం ఎక్కువ తెలుగువాళ్లవుతారు. మరిచిపోయిన పాట గుర్తు తెచ్చుకుని పాడతారు. అది అబద్ధం కాదు, మీ రాకతో పుట్టిన నిజం. ఫీల్డ్ నోట్సులో మీ రాక ఏం మార్చిందో అదే రాత్రి రాయండి. వాళ్ల తెలుగును దిద్దకండి. 19వ శతాబ్దపు ఉత్తరాంధ్ర పలుకు, తమిళం, ఇంగ్లిష్, జులూ పక్కపక్కనే బతికి వచ్చిన భాష అది. ఒక్కసారి "అలా కాదండీ, ఇలా" అన్నారంటే ఆ మనిషి మిగతా గంటంతా ఇంగ్లిష్‌లోనే మాట్లాడతారు.

రెండోది కులం. మన దగ్గర "మీ ఇంటిపేరు?" అని అడగడం వెనుక ఏముందో అందరికీ తెలుసు. ఆ అలవాటును విమానంలో తీసుకెళ్లకండి. అక్కడ చాలామందికి తమ కులం తెలియదు. ఆ తెలియకపోవడాన్ని కొందరు విముక్తిగా చూస్తారు. ఓడ జాబితాలో వాళ్ల ముత్తాత వరుస మీ లాప్‌టాప్‌లో ఉన్నా, కులం గడి గురించి మీ అంతట మీరు చెప్పకూడదు. "జాబితాలో ఊరు, వయసు, యజమాని, కులం అని గడులున్నాయి. మీరు ఏవి చూడాలనుకుంటున్నారు?" అని అడిగి, అన్నవే చూపించండి. ఈ విధానాన్ని ఎథిక్స్ (పరిశోధన నైతికత) కమిటీకి పెట్టే దరఖాస్తులోనే రాసి పెట్టండి.

అనుమతులు, రికార్డింగులు

క్వాజులు-నటాల్‌లో నమోదైతే హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్ ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చేదాకా ఒక్క ఇంటర్వ్యూ కూడా చేయకూడదు. గుడి, సభ, బడి లాంటి సంస్థల ద్వారా మనుషుల్ని కలిస్తే ఆ సంస్థ లెటర్‌హెడ్ మీద ప్రవేశ అనుమతి ఉత్తరం ముందే కావాలి. ఇదే ఎక్కువ ఆలస్యం చేస్తుంది. కమిటీ సమావేశం రెండు నెలలకోసారి జరిగే సభలుంటాయి, మూడు నెలలు వదిలిపెట్టుకోండి. దక్షిణాఫ్రికా వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం రేస్‌ను, మత విశ్వాసాన్ని ప్రత్యేక రక్షణ ఉన్న సమాచారంగా చూస్తుంది. మీ అంశమే అది కాబట్టి సమ్మతి పత్రంలో ఆ మాట విడిగా ఉండాలి.

రెండు రికార్డర్లు వాడండి, ఒకటి ఫోన్ అయినా సరే. ఫైల్ పేరులో మనిషి పేరు వద్దు, నంబరు, తేదీ చాలు. పేరుకూ నంబరుకూ సంబంధం చెప్పే పట్టిక వేరే డ్రైవ్‌లో, పాస్‌వర్డ్‌తో ఉండాలి. గంట రికార్డింగును కాగితం మీద పెట్టడానికి ఐదారు గంటలు, మూడు భాషలు కలిస్తే తొమ్మిది, పది గంటలు. 35 మందికి రెండు విడతలంటే ఎన్ని నెలలో లెక్కేసుకుని ప్రణాళిక రాయండి. ఆటోమేటిక్ సాఫ్ట్‌వేర్ డర్బన్ ఇంగ్లిష్‌లోకి జారిన తెలుగు మాటల్ని ఏవో ఇంగ్లిష్ మాటలుగా మార్చేస్తుంది. సరిగ్గా మీకు కావలసిన మాటలే పోతాయి.

1949 అల్లర్ల గురించీ, 2021 జూలై అల్లర్లప్పుడు ఫీనిక్స్‌లో జరిగిన హత్యల గురించీ మాట్లాడేటప్పుడు రెండు జాగ్రత్తలు. వినేముందే చెప్పండి: నేరం వివరాలు, పేర్లు చెబితే కోర్టు అడిగినప్పుడు దాచే హక్కు మీకు లేకపోవచ్చు. మాట్లాడుతూ మనిషి వణికితే రికార్డర్ ఆపండి, మళ్లీ మొదలుపెట్టాలో వద్దో వాళ్లనే చెప్పనివ్వండి. సాయం అందించే సంస్థ నంబరు కాగితం మీద రాసి ఇవ్వండి.

పేరు మార్చితే గుర్తుపట్టరని నమ్మకండి. ఇది చిన్న సమాజం. "ఫలానా యూనిట్‌లో తెలుగు నేర్పిన టీచరమ్మ" అంటే అందరికీ తెలిసిపోతుంది. వృత్తి, వయసు, వీధి మూడూ ఒకే వాక్యంలో రాకుండా చూడండి.

కోడింగ్, రాత

మొదటి ఆరు ఇంటర్వ్యూల తర్వాతే కోడ్‌లు, అంటే ఇంటర్వ్యూలోని మాటలకు విషయాన్ని బట్టి తగిలించే చిన్న పేర్లు, రాయండి, 25 దాటనివ్వకండి. వాటిలో రెండు తప్పనిసరి: "తను పెట్టుకున్న పేరు", "ఎదుటివాళ్లు పెట్టిన పేరు". ఈ రెండూ ఒకే వాక్యంలో కలిసిన చోట్లను విడిగా తీసి చదవండి. గ్రంథంలో అసలు మాట ఉండేది అక్కడే. నాలుగు ఇంటర్వ్యూలను వేరొకరితో కోడ్ చేయించి పోల్చండి. తేడా వచ్చిన చోట ఎవరు తప్పో వాదించకండి, కోడ్ నిర్వచనం బాగు చేయండి.

అధ్యాయాలను తరాల వారీగా కాక చోట్ల వారీగా పెట్టడం మేలు: తోట బ్యారక్, కేటో మేనర్, చాట్స్‌వర్త్ యూనిట్, గుడి, అన్ని రేస్‌లవాళ్లూ కలిసి ఉండే ఇప్పటి పేట. తరాల వరుసలో రాస్తే "అప్పుడు నిండుగా తెలుగు ఉండేది, ఇప్పుడు పోయింది" అన్న ఏడుపు కథ దానంతటదే తయారవుతుంది. చోట్ల వరుసలో రాస్తే, ఒకే కాలంలో గుడిలో తెలుగు బలపడి వీధిలో కరిగిపోవడం కనబడుతుంది. "సముద్రం దాటినా సంస్కృతిని కాపాడుకున్నారు" అన్న వాక్యం వచ్చిన ప్రతిచోటా కొట్టేయండి. కాపాడుకున్నదేమిటి, కొత్తగా కట్టుకున్నదేమిటి, తమిళుల నుంచి తీసుకున్నదేమిటి అని మూడు వాక్యాలుగా విడగొట్టండి.

రికార్డింగుల చివరి గతి సమ్మతి పత్రంలోనే మూడు మెట్లుగా అడగండి: నా పరిశోధనకు మాత్రమే, డాక్యుమెంటేషన్ సెంటర్‌లో భద్రపరచి 30 ఏళ్ల తర్వాత తెరవడానికి, ఇప్పుడే అందరికీ. కుటుంబానికి వాళ్ల ఇంటర్వ్యూ కాపీ, ఓడ జాబితాలో వాళ్లు కోరిన గడుల నకలు వైవా కంటే ముందే చేర్చండి. పెద్దవాళ్లు అప్పటిదాకా ఉంటారన్న హామీ లేదు.